అల్పపీడనం: గాలి బరువు, నీటి ఎత్తు

బంగాళాఖాతంలో అల్పపీడనం ఏర్పడిందనే వార్త ఏటా చాలాసార్లు వింటాం. వార్త ఒకటే అయినా, తెలుగునాడుకు వెలుపల స్థిరపడిన కుటుంబాల విద్యార్థుల చెవికి అది ఒకే మాటగా చేరదు. బరంపురంలో ఒడియా వార్తలు దాన్ని ‘లఘుచాప’ అంటాయి. చెన్నైలో, కోయంబత్తూరులో ‘కాట్రళుత్త తాళ్వు’ అని వినిపిస్తుంది. బళ్లారిలో, బెంగుళూరులో ‘వాయుభార కుసిత’ అంటారు. షోలాపూరులో మరాఠీ పత్రిక ‘కమీ దాబాచా పట్టా’ అని రాస్తుంది. యానాంలో మాత్రం మన తెలుగు మాటే: అల్పపీడనం.

ఈ మాటలను పక్కపక్కన పెట్టి చూస్తే ఒక విషయం తెలుస్తుంది. ఒడియాలోని చాప, తమిళంలోని అళుత్తం, మరాఠీలోని దాబ్ - మూడింటికీ నొక్కడం, ఒత్తడం అనే అర్థం ఉంది. కన్నడం ఇంకా విడమరచి ‘గాలి బరువు తగ్గింది’ అని చెబుతుంది. తెలుగు శాస్త్ర గ్రంథాల్లో పీడనానికి కూడా ఒత్తిడి అనే అర్థమే. కాని వాడుకలో పీడ, పీడించడం అనే మాటలు మనకు మరీ దగ్గరివి. అందుచేత అల్పపీడనం అన్నప్పుడు ‘ఏదో కొద్దిపాటి బాధ’ అన్న భావం కలగడానికి అవకాశం ఉంది. ఇక్కడ ‘అల్ప’ అన్నది ప్రమాదానికి విశేషణం కాదు. గాలి బరువుకు విశేషణం. చుట్టుపక్కల ప్రాంతాలతో పోలిస్తే అక్కడి గాలి బరువు తక్కువగా ఉందని మాత్రమే దాని అర్థం.

గాలి బరువు తగ్గితే మనకు వచ్చే నష్టమేమిటి? అది ఎందుకు తగ్గుతుంది? తగ్గితే సముద్రం ఎందుకు పైకి లేస్తుంది? ఈ ప్రశ్నలకు సమాధానం గాలి ఒత్తిడికీ నీటికీ మధ్య జరిగే ఇచ్చిపుచ్చుకోళ్లలో ఉంది. నీరు ఒత్తిడిని తగ్గిస్తుంది. తగ్గిన ఒత్తిడి తిరిగి నీటిని కదిలిస్తుంది. ఈ సంబంధాన్ని అర్థం చేసుకొంటే, వార్తల్లో వచ్చే హెచ్చరికల్లో ఏది గాలిని గురించి చెబుతున్నదో, ఏది నీటిని గురించి చెబుతున్నదో వేరుచేసి చూడగలుగుతాం. తీరప్రాంతాల్లో ఉండేవారికి ఈ తేడా ప్రాణావసరమైనది.

గాలి బరువు ఎంత?

కొబ్బరి బొండంలో గొట్టం వేసి పీల్చినప్పుడు నీళ్లను మనం పైకి లాగుతున్నామని అనుకొంటాం. నిజానికి మనం చేసేది గొట్టంలోని గాలిని తీసివేయడం మాత్రమే. బొండంలోని నీటి మీద బయటి గాలి నొక్కుతూనే ఉంటుంది. గొట్టంలో ఆ నొక్కుడు తగ్గింది కనుక నీరు అటువైపు ఎక్కుతుంది. పని చేసింది గాలి బరువు. మనం దానికి దారి ఇచ్చాం.

అయితే గాలి నీటిని ఎంత ఎత్తుకు నెట్టగలదు? సుమారు 10 మీటర్లకు. అంతకు మించి కాదు. బావి గట్టు మీద పెట్టిన మోటారు 10 మీటర్ల లోతునుంచి నీటిని పీల్చలేకపోవడానికి కారణం ఇదే. ఆచరణలో 7, 8 మీటర్లు దాటితేనే కష్టం. అందుకే లోతు బావుల్లో రైతులు మోటారును కిందికి దించి, బావి లోపలి అరుగు మీద పెట్టేవారు. బోరు బావుల్లో మోటారును నీటిలోనే ముంచి, నీటిని కిందినుంచి పైకి తోయించడం కూడా ఈ పరిమితిని దాటడానికే. 17వ శతాబ్దంలో ఇటలీలో పంపులు చేసేవారికి ఇదే చిక్కు వచ్చింది. గెలీలియో శిష్యుడు టారిచెల్లి 1640ల్లో నీటికి బదులు పాదరసాన్ని తీసుకొని ఆలోచించాడు. పాదరసం నీటికంటే 13 రెట్లకు పైగా బరువైనది కనుక గాలి దాన్ని 76 సెంటీమీటర్ల ఎత్తువరకే నిలబెట్టగలిగింది. అదే మొదటి భారమితి.

10 మీటర్ల నీటిని గాలి నిలబెట్టగలదంటే, ఒక చదరపు మీటరు నేల మీద ఉన్న గాలి బరువు 10 మీటర్ల నీటి బరువుకు సమానమని అర్థం. ఒక ఘనపు మీటరు నీరు ఒక టన్ను. కాబట్టి ప్రతి చదరపు మీటరు మీద సుమారు 10 టన్నుల గాలి కూర్చొని ఉంది. ఈ బరువు అన్ని వైపులనుంచి, మన శరీరం లోపలినుంచి కూడా సమానంగా నొక్కుతుంది కనుక మనకు తెలియదు.

వాతావరణ శాస్త్రజ్ఞులు ఈ ఒత్తిడిని మిల్లీబార్లలో చెప్పేవారు. ఇప్పుడు హెక్టోపాస్కల్ అంటున్నారు. పేరు మారినా విలువ ఒకటే. సముద్రమట్టం వద్ద సగటు ఒత్తిడి 1013 మిల్లీబార్లు. ఇక్కడ ఒక సులువైన లెక్క గుర్తుంచుకోవాలి: 1000 మిల్లీబార్లు అంటే సుమారు 10 మీటర్ల నీరు. కనుక ఒక మిల్లీబారు అంటే ఒక సెంటీమీటరు నీరు. ఈ లెక్క ముందు పనికివస్తుంది.

నీరు గాలిని తేలిక చేస్తుంది

ఎండాకాలంలో మట్టికుండలో నీళ్లు చల్లబడతాయి. కుండ గోడల్లోంచి చెమ్మ పైకి వచ్చి ఆవిరి అవుతుంది. ఆవిరి కావడానికి వేడి కావాలి. ఆ వేడిని అది కుండలోని నీళ్లనుంచే తీసుకొంటుంది. ఇలా ఆవిరిలో దాగి ఉండే వేడిని గుప్తోష్ణం అంటారు. ఇది చాలా పెద్ద మొత్తం. ఒక గ్రాము నీటిని గడ్డకట్టే స్థితినుంచి మరిగే స్థితివరకు వేడిచేయడానికి 100 కేలరీలు చాలు. అదే మరిగే నీటిని ఆవిరిగా మార్చడానికి మరో 540 కేలరీలు కావాలి.

సముద్రం మీదనుంచి లేచే ఆవిరి కూడా ఇలాగే వేడిని దాచుకొని వెళుతుంది. దాచుకొన్నది ఎక్కడో ఒకచోట తిరిగి ఇచ్చివేయాలి. ఆవిరితో నిండిన గాలి పైకి వెళ్లినకొద్దీ దాని మీద ఉండే గాలి బరువు తగ్గుతుంది. ఒత్తిడి తగ్గితే గాలి వ్యాకోచిస్తుంది, వ్యాకోచిస్తే చల్లబడుతుంది. సైకిలు ట్యూబునుంచి గాలి వదిలినప్పుడు వేలికి చల్లగా తగలడం మీరు గమనించే ఉంటారు. అలా చల్లబడిన గాలి తనలోని ఆవిరిని మోయలేదు. ఆవిరి నీటిబిందువులుగా మారుతుంది. అదే మేఘం. ఆ సమయంలో ఆవిరిలో దాగిన వేడి అంతా చుట్టూ ఉన్న గాలికి చేరుతుంది.

వేడెక్కిన గాలి మళ్లీ వ్యాకోచించి ఇంకా పైకి లేస్తుంది. చాలా ఎత్తుకు చేరిన తరువాత అది నాలుగు వైపులకూ పొర్లిపోతుంది. ఆ ప్రాంతం మీద ఉన్న గాలిస్తంభంనుంచి కొంత గాలి పక్కలకు వెళ్లిపోయిందన్న మాట. మిగిలిన స్తంభం తేలికైంది. కింద సముద్రం మీద పెట్టిన భారమితిలో పాదరసం దిగుతుంది. దాన్నే మనం అల్పపీడనం అంటున్నాం.

ఒత్తిడి తగ్గిన చోటికి చుట్టుపక్కలనుంచి గాలి వచ్చి చేరాలని చూస్తుంది. వస్తూ వస్తూ సముద్రం మీద మరింత ఆవిరిని మోసుకొని వస్తుంది. ఆ ఆవిరి మళ్లీ మేఘమై వేడినిస్తుంది. ఒత్తిడి ఇంకా తగ్గుతుంది. గాలి ఇంకా వేగంగా వస్తుంది. ఇది తనను తాను పెంచుకొనే చక్రం. ఈ చక్రం నడవడానికి సముద్రం పైపొర కనీసం 26 లేక 27 డిగ్రీల సెంటీగ్రేడు వెచ్చగా ఉండాలి. పై ఎత్తుల్లో గాలి వేగం, దిశ మరీ ఎక్కువగా మారకూడదు. మారితే వేడి ఒకచోట నిలవక చెదిరిపోతుంది. నడి వర్షాకాలంలో వాయుగుండాలు తరచుగా వచ్చినా అవి పెద్ద తుఫానులుగా మారడం అరుదు కావడానికి ఈ పైగాలులే ముఖ్య కారణం. ఋతుపవనాలకు ముందు ఏప్రిల్, మే నెలల్లోనూ, తరువాత అక్టోబరునుంచి డిసెంబరు వరకూ పెద్ద తుఫానులు రావడానికి అనుకూలంగా ఉంటుంది.

గాలి నేరుగా కేంద్రానికి చేరితే లోటు త్వరగా పూడిపోయేది. కాని భూమి తిరుగుతున్నది కనుక ఉత్తరార్ధగోళంలో కదిలే గాలి కుడివైపుకు ఒరుగుతుంది. అందుచేత అది కేంద్రం చుట్టూ గడియారపు ముల్లుకు వ్యతిరేక దిశలో సుడి తిరుగుతుంది. నదిలో సుడిగుండం చూసినవారికి వాయుగుండం అనే మాటను వివరించనక్కరలేదు.

తేలికైన గాలి కింద సముద్రం లేస్తుంది

ఇంతవరకు నీరు ఒత్తిడిని ఏం చేస్తున్నదో చూశాం. ఇప్పుడు ఒత్తిడి నీటిని ఏం చేస్తుందో చూద్దాం.

సముద్రం మీద అంతటా గాలి సమానంగా నొక్కుతున్నంతవరకు నీటిమట్టంలో తేడా రాదు. ఒకచోట నొక్కుడు తగ్గితే, చుట్టూ ఎక్కువగా నొక్కబడుతున్న నీరు ఆ చోటికి ఎక్కుతుంది. కొబ్బరి బొండంలోని గొట్టం ఉదాహరణ ఇక్కడ కూడా సరిపోతుంది. తుఫాను కేంద్రం ఒక పెద్ద గొట్టం వంటిది. ఎంత ఎక్కుతుందో మన పాత లెక్కే చెబుతుంది: మిల్లీబారు తగ్గితే సెంటీమీటరు నీరు.

1999 అక్టోబరు 29న ఒడిశాలో పారాదీప్‌కు దగ్గరగా తీరం దాటిన పెను తుఫానును తీసుకొందాం. దాని కేంద్రంలో ఒత్తిడి 912 మిల్లీబార్లకు పడిపోయినట్లు అంచనా. సాధారణ ఒత్తిడికంటే సుమారు 100 మిల్లీబార్లు తక్కువ. అంటే ప్రతి చదరపు మీటరు మీద ఉండవలసిన 10 టన్నుల గాలిలో ఒక టన్ను లేదు. ఆ మేరకు సముద్రం ఒక మీటరు పైకి లేవాలి.

కాని ఆ రోజు జగత్సింగ్‌పూర్ జిల్లా ఎరసమ ప్రాంతం మీదికి వచ్చిన నీటి ఎత్తు ఒక మీటరు కాదు; 5 నుంచి 6 మీటర్లు. ఆ తుఫానులో దాదాపు 10,000 మంది చనిపోయారు. ఒత్తిడి లెక్క ప్రకారం ఒక మీటరు పోగా మిగిలిన నీరు ఎక్కడినుంచి వచ్చింది?

గాలి తోసే నీరు

ఆ మిగిలిన నీటిని తెచ్చింది గాలి. గాలిని పుట్టించింది మళ్లీ ఒత్తిడిలోని తేడాయే. కనుక ఉప్పెనలో ఒత్తిడి రెండు విధాల పని చేస్తుంది. నేరుగా నీటిని లేపడం ఒకటి, అది చిన్నది. గాలిని లేపి, ఆ గాలి చేత నీటిని తోయించడం రెండవది, అది పెద్దది.

లోతు సముద్రంలో గాలి పైనీటిని ఒకవైపు తోస్తే, అడుగున నీరు వెనక్కు తిరిగి వెళ్లడానికి చోటు ఉంటుంది. అందుకే నడిసముద్రంలో మట్టం పెద్దగా పెరగదు. తీరానికి దగ్గరపడినకొద్దీ లోతు తగ్గుతుంది. పైన గాలి తోస్తూనే ఉంటుంది. కింద తిరిగి వెళ్లే దారి మూసుకొనిపోతుంది. వచ్చిన నీరు వచ్చినట్లే పేరుకొంటుంది. తీరం ఎంత దూరంవరకు మెరకగా ఉంటే ఉప్పెన అంత ఎత్తు లేస్తుంది. తీరం దగ్గరే లోతు ఎక్కువగా ఉన్నచోట అదే తుఫాను తక్కువ నీటిని తెస్తుంది. బంగాళాఖాతం ఉత్తర భాగం మెరక. పైగా గరాటులాగా ఇరుకవుతుంది. ఒడిశా ఉత్తర తీరానికీ, బెంగాలుకూ ఉప్పెన భయం ఎక్కువ కావడానికి ఇది కారణం.

సముద్రంలో పోటు సమయం, పున్నమి లేక అమావాస్య కలిసి వస్తే ఆ ఎత్తు కూడా దీనికి తోడవుతుంది. నదీముఖాల్లో మరొక చిక్కు ఉంది. సముద్రం లేచి నిలబడితే నది తన నీటిని దించుకోలేదు. పై ప్రాంతంలో కురిసిన వాన, కిందినుంచి వచ్చిన ఉప్పునీరు ఒకేచోట కలుసుకొంటాయి. గౌతమీ గోదావరి ఒడ్డున ఉన్న యానాం, దానికి దగ్గరలోని కోరంగి ఈ చిక్కును తరతరాలుగా చూశాయి. ఒకప్పుడు ఓడల నిర్మాణానికి పేరుపొందిన కోరంగి రేవును 1789లోనూ, 1839లోనూ వచ్చిన ఉప్పెనలు ముంచివేశాయి. కలకత్తాలో ఉంటూ బంగాళాఖాతపు తుఫానులను పరిశోధించిన హెన్రీ పిడింగ్టన్, పాము చుట్టను సూచించే గ్రీకు మాటనుంచి ‘సైక్లోన్’ అనే పేరును తయారుచేశాడు. 1848లో అచ్చయిన అతని గ్రంథం ద్వారా ఆ మాట వ్యాపించింది. ఈనాడు ప్రపంచమంతా వాడే ఆ పేరు వెనుక మన తీరపు అనుభవం కూడా ఉందన్న మాట.

కుడి, ఎడమ

ఒకే తుఫాను ఒక ఊరిని ముంచి, దానికి కొంత దూరంలోని మరొక ఊరిలో సముద్రాన్ని వెనక్కు లాగడం జరుగుతుంది. దీనికి కారణం సుడి తిరిగే దిశ. తుఫాను ఎటు కదులుతున్నదో అటు ముఖం పెట్టి నిలబడినట్లు ఊహించండి. మీ కుడివైపున సుడిగాలి, తుఫాను నడక రెండూ ఒకే దిశలో ఉంటాయి. గాలి సముద్రాన్ని నేలమీదికి తోస్తుంది. మీ ఎడమవైపున గాలి నేలమీదనుంచి సముద్రంలోకి వీస్తుంది. నీరు తీరంనుంచి దూరంగా పోతుంది.

తూర్పు తీరానికి వచ్చే తుఫానులు ఎక్కువగా పడమర, వాయవ్య దిశల్లో నడుస్తాయి. కనుక కుడివైపు అంటే కేంద్రానికి ఉత్తరం, ఈశాన్యం. 1977 నవంబరు 19న తుఫాను కేంద్రం చీరాల ప్రాంతంలో తీరం దాటింది. ఉప్పెన తుడిచిపెట్టింది మాత్రం దానికి ఈశాన్యంగా, కృష్ణ సముద్రంలో కలిసేచోట ఉన్న దివిసీమను. నీరు సుమారు 5 మీటర్ల ఎత్తున వచ్చింది. సుమారు 10,000 మంది చనిపోయారు. ‘తుఫాను ఎక్కడ తీరం దాటుతుంది?’ అన్న ప్రశ్నకు వచ్చే సమాధానం ఒక ఊరి పేరు. ‘నీరు ఎక్కడికి వస్తుంది?’ అన్నది వేరే ప్రశ్న. దాని సమాధానం ఇంకొక ఊరి పేరు కావచ్చు.

పడమటి తీరంలో దిక్కులు మారుతాయి, సూత్రం మారదు. 2020 జూన్ 3న మహారాష్ట్ర తీరంలో అలీబాగ్ దగ్గర తీరం దాటిన నిసర్గ తుఫాను ఈశాన్యంగా నడిచింది. దానికి కుడివైపు అంటే దక్షిణం, ఆగ్నేయం. ముంబాయి కేంద్రానికి ఉత్తరంగా, అంటే ఎడమవైపున ఉండిపోయింది. నగరం పెద్ద ఉప్పెనను చూడకపోవడానికి అది ఒక కారణం.

రేవుల్లో ఎగురవేసే ప్రమాద సూచికలు కూడా ఈ కుడి ఎడమలను చెబుతాయి. కాకినాడలోనో, గోపాలపూర్‌లోనో ‘8వ నంబరు’ కంటే ‘9వ నంబరు’ మరింత బలమైన తుఫానుకు గుర్తు అని చాలామంది అనుకొంటారు. 8, 9, 10 మూడూ ఒకే తరగతి ‘గొప్ప ప్రమాద’ సూచికలు. తుఫాను రేవును తన ఎడమవైపున ఉంచి దాటేటట్లుంటే 8. కుడివైపున ఉంచి దాటేటట్లుంటే 9. రేవు మీదుగా లేక దానికి అతి సమీపంగా దాటేటట్లుంటే 10. వాటికంటే తక్కువ తరగతిలోని 5, 6, 7 సూచికలకు కూడా ఇదే వరుస. ఇక్కడ అంకె బలాన్ని కాక స్థానాన్ని చెబుతున్నది.

కేంద్రాన్ని గురించి కూడా ఒక మాట చెప్పాలి. సుడి మధ్యలో ఒత్తిడి అన్నిటికంటే తక్కువ. కాని అక్కడ గాలి ఉండదు. ఆకాశం కొంత తేటపడుతుంది. దాన్నే తుఫాను కన్ను అంటారు. అది మీ ఊరి మీదుగా పోతున్నప్పుడు అంతా అయిపోయినట్లు అనిపిస్తుంది. కొద్దిసేపటికి గాలి వ్యతిరేక దిశనుంచి అంత బలంతోనూ మళ్లీ మొదలవుతుంది. ఆ మధ్య వచ్చే నిశ్శబ్దాన్ని నమ్మి బయటికి రాకూడదు.

పేర్లు కొలిచేది గాలిని

భారత వాతావరణ శాఖ ఈ సుడులకు పెట్టే తరగతులు గాలి వేగాన్ని బట్టి ఏర్పడ్డాయి. గాలి గంటకు 31 కిలోమీటర్లకు లోపు ఉంటే అల్పపీడనం. 31నుంచి 49 వరకు వాయుగుండం. 50నుంచి 61 వరకు తీవ్ర వాయుగుండం. 62నుంచి 88 వరకు తుఫాను. 89నుంచి 117 వరకు తీవ్ర తుఫాను. అంతకు మించితే అతి తీవ్ర తుఫాను. దాని పై మెట్లు దాటి 222 కిలోమీటర్లకు చేరితే పెను తుఫాను.

ఒడియాలో వాయుగుండాన్ని ‘అవపాత’ అనీ, తుఫానును ‘బాత్యా’ అనీ అంటారు. తమిళంలో అవే ‘తాళ్వు మండలం’, ‘పుయల్’. కన్నడంలో తుఫాను ‘చండమారుత’, మరాఠీలో ‘చక్రీవాదళ్’. ఏ భాషలో విన్నా ఆ మెట్లు అవే.

ఈ మెట్లలో నీటికి చోటు లేదు. వాన ఎంత కురుస్తుందో, ఉప్పెన ఎంత ఎత్తు వస్తుందో ఆ పేర్లు చెప్పవు. గాలి తక్కువ కనుక ప్రమాదం తక్కువ అని అనుకోవడం ఇక్కడే పొరపాటవుతుంది. 2015 డిసెంబరు 1న చెన్నైని ముంచిన వాన ఏ తుఫాను వల్లా వచ్చింది కాదు. తీరానికి దగ్గరగా నిలిచిన బలహీనమైన అల్పపీడన పరిస్థితి వల్ల వచ్చింది.

సముద్రానికి దూరంగా ఉన్నవారికి 2020 అక్టోబరు ఒక పాఠం చెప్పింది. 13వ తేదీ ఉదయం కాకినాడ దగ్గర తీరం దాటినది తీవ్ర వాయుగుండం మాత్రమే. తుఫాను మెట్టు ఎక్కలేదు. సాధారణంగా నేల మీదికి రాగానే ఆవిరి సరఫరా తగ్గి, కేంద్రంలోని లోటు పూడిపోయి, ఇటువంటివి బలహీనపడతాయి. దాని గాలి కూడా తగ్గింది. కాని అది మోసుకొని వచ్చిన తేమ ఎక్కడికీ పోలేదు. అది తెలంగాణ మీదుగా నడిచి హైదరాబాదులో ఆ రాత్రి విపరీతమైన వాన కురిపించింది. నగర శివార్లలో కొన్నిచోట్ల 30 సెంటీమీటర్లకు మించి కురిసింది. తరువాత ఉత్తర కర్ణాటకలోనూ, షోలాపూరు ప్రాంతంలోనూ వరదలు వచ్చాయి. చివరకు అరేబియా సముద్రంలోకి వెళ్లింది. గాలి బలం తగ్గినకొద్దీ దాని పేరు చిన్నదవుతూ వచ్చింది. నీరు మాత్రం అంత త్వరగా తగ్గలేదు.

అల్పపీడనాలన్నీ శత్రువులని దీని అర్థం కాదు. వర్షాకాలంలో బంగాళాఖాతంలో పుట్టి వాయవ్యంగా నడిచే అల్పపీడనాలే ఒడిశాకూ, తెలంగాణకూ, మహారాష్ట్రకూ చాలా వానను తెస్తాయి. అవి తక్కువగా వచ్చిన ఏడు చెరువులు నిండవు. తమిళనాట అక్టోబరునుంచి కురిసే వానలో కూడా వీటికి పెద్ద భాగం ఉంది. గాలి ఒత్తిడి కొంచెం తగ్గడం మన వ్యవసాయానికి ఆధారం. ఆ తగ్గుదల హద్దు మీరితే విపత్తు.

తెలిసినందువల్ల ప్రయోజనం

1999లో పెను తుఫానుకు 12 రోజుల ముందు, అక్టోబరు 17న మరొక బలమైన తుఫాను గోపాలపూర్ దగ్గర తీరం దాటి గంజాం జిల్లాను దెబ్బతీసింది. బరంపురంలోని పెద్దవారికి అది గుర్తుంటుంది. 2013 అక్టోబరు 12న అదే గోపాలపూర్ దగ్గరికి ఫైలిన్ తుఫాను వచ్చింది. గాలి గంటకు 200 కిలోమీటర్లకు మించింది. ఇళ్లూ, తోటలూ, విద్యుత్ స్తంభాలూ పడిపోయాయి. కాని చనిపోయినవారి సంఖ్య వేలల్లో లేదు, పదుల్లో ఉంది. తుఫాను బలహీనపడినందువల్ల కాదు. దాదాపు 10 లక్షల మందిని ముందుగానే పల్లపు ప్రాంతాలనుంచి తరలించారు. 14 ఏళ్లలో మారినది సముద్రం కాదు. సముద్రాన్ని గురించి మనకున్న ఎరుక, దానికి తగిన ఏర్పాటు.

గాలికీ నీటికీ జాగ్రత్తలు ఒకటి కావు. గట్టి ఇంట్లో తలుపులు వేసుకొని కూర్చొంటే గాలినుంచి బయటపడవచ్చు. ఒక ఘనపు మీటరు నీటి బరువు ఒక టన్ను అని ముందే చెప్పుకొన్నాం. అటువంటి నీరు మనిషి ఎత్తుకు మించి వేగంగా వచ్చినప్పుడు తలుపులూ గోడలూ చాలవు. గాలికి దాక్కోవచ్చు గాని, నీటికి చోటు వదలవలసిందే.

కనుక ఇకమీదట ఇటువంటి వార్త ఏ భాషలో విన్నా నాలుగు సంగతులు అడిగి తెలుసుకోవాలి. అది ఎటు నడుస్తున్నది? మన ఊరు దానికి కుడివైపున ఉందా, ఎడమవైపున ఉందా? ఉప్పెన ఎన్ని మీటర్లని చెబుతున్నారు, ఆ వేళ సముద్రం పోటులో ఉంటుందా? వాన ఎన్ని సెంటీమీటర్లని అంచనా? వాతావరణ శాఖ ప్రకటనల్లో గాలి, వాన, ఉప్పెన వేరువేరుగానే ఉంటాయి. ఇంట్లో పెద్దవారు తెలుగు మాటకు అలవాటుపడి ఉండి, హెచ్చరిక మాత్రం మరొక భాషలో వచ్చే ఊళ్లలో, దాన్ని చదివి వారికి విడమరచి చెప్పవలసిన బాధ్యత రెండు భాషలూ తెలిసిన విద్యార్థులదే. లఘుచాప అన్నా, తాళ్వు అన్నా, వాయుభార కుసిత అన్నా అక్కడ గాలి తేలికైందని అర్థం. గాలి తేలికైన చోటికి నీరు వస్తుందని వారికి చెప్పండి.